గూగుల్‌లో కనిపించకూడనివి కనిపిస్తున్నాయా? బోర్డు చాలదు, తాళం కావాలి

మీ అపార్ట్‌మెంట్ సంఘానికి ఓ వెబ్‌సైట్ ఉందనుకుందాం. ఫ్లాట్ నంబరు, యజమాని పేరు, ఫోన్ నంబరు, మెయింటెనెన్స్ బకాయి అన్నీ ఉన్న పీడీఎఫ్ జాబితాను కార్యదర్శి అందులో పెట్టారు. ‘మన సభ్యులు చూసుకోవడానికే కదా’ అనుకున్నారు. కొన్ని వారాల తర్వాత మూడో అంతస్తులో ఉండే ఒకావిడ తన ఫోన్ నంబరును గూగుల్‌లో కొట్టి చూస్తే, మొదట వచ్చింది ఆ జాబితానే. ఆమె పేరు, ఫ్లాట్ నంబరు, ఎంత బాకీ ఉన్నారో కూడా అందులో ఉంది.

కార్యదర్శి వెంటనే వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడికి ఫోన్ చేశారు. ‘రోబోట్స్ ఫైల్‌లో బ్లాక్ చేసేశాను సార్, ఇక రాదు’ అన్నాడతను. రెండు వారాలైనా ఆ లింకు గూగుల్‌లో వస్తూనే ఉంది.

ఇది ఊహించి చెప్పిన సంగతే అయినా, ఈ పొరపాటు మాత్రం చాలాచోట్ల జరిగేదే. కోచింగ్ సెంటర్లు, స్కూళ్లు, కాలనీ సంఘాలు, చిన్న వ్యాపారులు, ఒక్కోసారి ప్రభుత్వ శాఖలు కూడా ఇలాగే దొరికిపోతుంటాయి. సెర్చ్ ఇంజిన్‌కు ‘రావొద్దు’ అని చెప్పడం వేరు, ‘చూపించొద్దు’ అని చెప్పడం వేరు, అసలు ఎవరికీ అందకుండా దాచడం వేరు. ఈ మూడింటికీ తేడా తెలిస్తే సగం సమస్య తీరినట్టే. మీరు వెబ్‌సైట్ నడుపుతున్నా, ఎవరో నడిపే సైట్‌లో మీ వివరాలు కనిపించి కంగారుపడుతున్నా ఏం చేయాలో చూద్దాం.

సెర్చ్ ఇంజిన్‌కు మీ పేజీ ఎలా తెలుస్తుంది?

మీరు గూగుల్‌లో ఒక మాట కొట్టినప్పుడు, అది ఆ క్షణంలో ఇంటర్నెట్ అంతా గాలించదు. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న ఒక పెద్ద సూచికలో వెతుకుతుంది. దీన్నే ఇండెక్స్ అంటారు. లావుపాటి పుస్తకం చివర ‘ఫలానా మాట ఫలానా పేజీలో ఉంది’ అని ఇచ్చే పట్టిక లాంటిదే ఇది కూడా.

ఈ ఇండెక్స్ తయారు కావడంలో రెండు దశలున్నాయి. మొదటిది క్రాలింగ్. గూగుల్‌బాట్, బింగ్‌బాట్ వంటి ప్రోగ్రాములు ఒక పేజీ తెరిచి, అందులోని లింకులు పట్టుకుని మరో పేజీకి, అక్కడి నుంచి ఇంకో పేజీకి వెళుతుంటాయి. రెండోది ఇండెక్సింగ్. చదివిన పేజీలో ఏముందో అర్థం చేసుకుని ఇండెక్స్‌లో చేర్చుకోవడం. పీడీఎఫ్, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను కూడా గూగుల్ చదివి చేర్చుకుంటుంది.

‘మా సైట్ గురించి మేం గూగుల్‌కు చెప్పనే లేదు కదా’ అని చాలామంది అంటారు. చెప్పక్కర్లేదు. ఎక్కడో ఒక బహిరంగ పేజీలో మీ ఫైలు లింకు ఉంటే చాలు, ఏదో ఒక రోజు దొరుకుతుంది.

మీ సైట్‌లో గూగుల్‌కు ఏమేం తెలుసో ఇప్పుడే చూసుకోవచ్చు. వెతికే పెట్టెలో ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని టైప్ చేసి, పక్కనే కోలన్ గుర్తు పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ చిరునామా ఇవ్వండి. ఆ సైట్‌కు చెందిన ఫలితాలు మాత్రమే వస్తాయి. ఇది పూర్తి లెక్క కాదు. అయినా రాకూడనిది ఏదైనా వస్తోందేమో పోల్చుకోవడానికి ఇదే తేలికైన మార్గం.

రోబోట్స్ ఫైల్: గేటు మీద బోర్డు

దాదాపు ప్రతి వెబ్‌సైట్‌కూ మొదటి మెట్టులో ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ భాగంలోకి ఏ రోబో రావచ్చో, రాకూడదో అందులో రాస్తారు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. అప్పట్లో రోబోలు ఎడాపెడా పేజీలు తెరిచి సర్వర్లను కుదేలు చేస్తుంటే, ఆ భారం తగ్గించడానికి పుట్టింది. దాదాపు మూడు దశాబ్దాలు ఒక మర్యాదగానే నడిచి, 2022 సెప్టెంబరులో ‘ఆర్‌ఎఫ్‌సీ 9309’ పేరుతో అధికారిక ఇంటర్నెట్ ప్రమాణమైంది.

దీని పని ఎంతవరకో ఆ పుట్టుకలోనే ఉంది. ఇది సర్వర్ మీద రద్దీ తగ్గించడానికి వచ్చిన ఏర్పాటు. రహస్యాలు దాచడానికి రాలేదు. అందుకే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఇది విన్నపం మాత్రమే. గూగుల్, బింగ్ లాంటి పెద్ద సంస్థల రోబోలు మాట వింటాయి. ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఏరుకునే దొంగ రోబోలు వినవు.

రెండు, ఈ ఫైలును ఎవరైనా తెరిచి చదవొచ్చు. ‘సభ్యుల జాబితా ఉన్న ఫోల్డర్‌లోకి రావొద్దు’ అని అందులో రాస్తే, ఆ ఫోల్డర్ ఎక్కడుందో మీరే దారి చూపినట్టవుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రోబోట్స్ ఫైల్ క్రాలింగ్‌ను ఆపుతుంది, ఇండెక్సింగ్‌ను కాదు. ఆ పేజీ లింకు మరెక్కడైనా ఉంటే, లోపల ఏముందో చదవకుండానే గూగుల్ ఆ చిరునామాను ఫలితాల్లో చూపించగలదు. కింద రెండు లైన్ల వివరణ ఉండదు, అంతే. లింకు నొక్కితే ఫైలు మామూలుగానే తెరుచుకుంటుంది.

అపార్ట్‌మెంట్ సైట్ విషయంలో జరిగిందీ ఇదే. ఆ కుర్రాడు గేటు మీద ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెట్టాడు. గేటుకు తాళం మాత్రం వేయలేదు.

నోఇండెక్స్: ‘మా పేరు రాసుకోవద్దు’ అనే చీటీ

ఒక పేజీ అందరికీ తెరిచి ఉన్నా సెర్చ్ ఫలితాల్లో రాకూడదంటే వాడాల్సింది నోఇండెక్స్. ఇది పేజీ కోడ్‌లో తల భాగంలో పెట్టే ఒక చిన్న ఆదేశం. రోబో పేజీలోకి వచ్చి దాన్ని చదివాక, ఆ పేజీని ఇండెక్స్‌లో చేర్చుకోదు. ముందే చేర్చుకుని ఉంటే తీసేస్తుంది.

ఇక్కడే చాలామంది డెవలపర్లు కూడా తప్పటడుగు వేస్తారు. ‘రెండూ ఉంటే ఇంకా మంచిది కదా’ అని రోబోట్స్ ఫైల్‌లో బ్లాక్ చేసి, పేజీలో నోఇండెక్స్ కూడా పెడతారు. అప్పుడు రోబో లోపలికే రాదు. రాకపోతే నోఇండెక్స్‌ను చూడదు. ‘మా పేరు మీ పుస్తకంలో రాసుకోవద్దు’ అనే చీటీని ఇంట్లో బల్ల మీద పెట్టి, వీధి తలుపు మీద ‘ఎవరూ లోపలికి రావద్దు’ అని రాసినట్టు ఉంటుంది. వచ్చినవాడు చీటీ చదవడు. పక్కింటివాళ్లు చెప్పిన చిరునామా రాసుకుని వెళతాడు. కాబట్టి నోఇండెక్స్ పనిచేయాలంటే ఆ పేజీని రోబోట్స్ ఫైల్‌లో బ్లాక్ చేయకూడదు.

నోఇండెక్స్ ఆదేశాన్ని రోబోట్స్ ఫైల్‌లోనే రాసేయడం కొన్నేళ్ల క్రితం అలవాటుగా ఉండేది. 2019 సెప్టెంబరు 1 నుంచి గూగుల్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. పాత సైట్లలో ఆ లైన్ ఇంకా ఉంటే, దానివల్ల ఉపయోగం లేదు.

పీడీఎఫ్‌ల సంగతి వేరు. వాటికి వెబ్ పేజీ లాంటి తల భాగం ఉండదు కాబట్టి అందులో ఈ ఆదేశం పెట్టలేం. సర్వర్ ఆ ఫైలును పంపేటప్పుడే ‘ఎక్స్ రోబోట్స్ ట్యాగ్’ అనే హెడర్‌లో నోఇండెక్స్ అని చెప్పాలి. మీ హోస్టింగ్ చూసేవారికి ఈ మాట చెబితే అర్థమవుతుంది. వర్డ్‌ప్రెస్ వాడేవారు సెట్టింగ్స్‌లో రీడింగ్ విభాగంలోకి వెళ్లి సెర్చ్ ఇంజిన్లు వద్దనే గడిలో టిక్ పెట్టి నిశ్చింతగా ఉంటారు. అది పేజీలకు నోఇండెక్స్ పెడుతుంది. మీడియా విభాగంలో అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లకు ఆ టిక్ వర్తించదు.

ఇవన్నీ అందరూ చూడొచ్చు కానీ సెర్చ్‌లో వద్దు అనుకునే పేజీలకు మాత్రమే. ఫోన్ నంబర్లు, మార్కుల జాబితాలు, గుర్తింపు కార్డులు ఆ కోవలోకి రావు. వాటికి కావాల్సింది తాళం, అంటే పాస్‌వర్డ్. లాగిన్ అయితే తప్ప తెరుచుకోని ఫైలును ఏ రోబో చదవలేదు. అంతకన్నా మంచిది, అవసరం లేని ఫైలును అసలు ఇంటర్నెట్‌లో పెట్టకపోవడం.

పెద్ద సంస్థలకూ తప్పలేదు

2020 ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపుల ఆహ్వాన లింకులు గూగుల్‌లో వెతికితే దొరుకుతున్నాయన్న సంగతి బయటపడింది. ఎవరో ఒక సభ్యుడు గ్రూపు లింకును ఏదో బహిరంగ పేజీలో పెట్టడం, అది ఇండెక్స్‌లో చేరడం జరిగింది. ఆ లింకు నొక్కి ముక్కూమొహం తెలియనివారు గ్రూపులో చేరే వీలు ఏర్పడింది. ఆ ఏడాది మార్చి నుంచి ఆ పేజీలకు నోఇండెక్స్ పెడుతున్నామని వాట్సాప్ తర్వాత ప్రకటించింది. మీ గ్రూపు లింకు అలా బయటపడిందని అనుమానం ఉంటే, అడ్మిన్ గ్రూపు సమాచారంలోకి వెళ్లి పాత లింకును రీసెట్ చేయొచ్చు. పాతది చెల్లకుండా పోతుంది.

2025 జులై చివర్లో చాట్‌జీపీటీ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. సంభాషణను ఇతరులతో పంచుకునేటప్పుడు ‘సెర్చ్‌లో కనిపించేలా చేయి’ అనే గడి ఒకటి ఉండేది. దాని అర్థం సరిగా తెలియకుండా టిక్ పెట్టిన వారి సొంత విషయాలు గూగుల్‌లోకి వచ్చాయి. విమర్శలు రావడంతో ఓపెన్‌ఏఐ ఆ సదుపాయాన్నే తీసేసింది.

మన దగ్గర అందరూ గుర్తుంచుకోవాల్సింది 2017 మే నాటి సంగతి. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు బహిరంగంగా అందుబాటులో ఉన్నాయని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల నివేదికలు, రెండోది చంద్రన్న బీమా. నాలుగు పోర్టళ్లలో కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు ఉండొచ్చని ఆ నివేదిక అంచనా వేసింది.

ఇందులో ఎవరూ తాళాలు పగలగొట్టలేదు. పారదర్శకత కోసం పెట్టిన పేజీల్లోనే ఉండకూడనివి కూడా ఉన్నాయి. ఉపాధి హామీలో ఎవరికి ఎంత అందిందో ఊరంతా చూడగలగడం మంచిదే. సామాజిక తనిఖీలకు దేశంలోనే దారి చూపిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ప్రభుత్వమే స్వయంగా బయటపెట్టాలని సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 కూడా చెబుతోంది. కానీ పేరు, ఊరు, అందిన మొత్తం చెప్పడానికి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అక్కర్లేదు.

మీ సైట్‌లోనే తప్పు జరిగితే

కంగారులో చాలామంది ముందు గూగుల్‌కు ఫిర్యాదు చేస్తారు. గూగుల్ తీసేసినా ఫైలు మీ సైట్‌లోనే ఉంటే, లింకు ఉన్నవారు చూస్తూనే ఉంటారు. బింగ్‌లోనూ వస్తుంది. కాబట్టి ఈ వరసలో చేయండి.

1. మొదట ఫైలును తీసేయండి, లేదా లాగిన్ వెనక్కి మార్చండి. ఆ లింకు నొక్కితే పేజీ లేదనే సమాధానమో, పాస్‌వర్డ్ అడగడమో జరగాలి. లాగిన్ చేయని వేరే ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

2. ఫైలు పేరు మార్చి ఊరుకోవద్దు. కొత్త పేరుతో సైట్‌లో లింకు ఉంటే అది కూడా దొరుకుతుంది.

3. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను నమోదు చేసుకోండి. ఇది ఉచితం. సైట్ మీదేనని నిరూపించుకున్నాక ‘రిమూవల్స్’ విభాగంలో ఆ లింకు ఇస్తే, సాధారణంగా ఒక రోజులోగా ఫలితాల నుంచి పోతుంది. ఇది దాదాపు 6 నెలలే పనిచేస్తుంది. ఈలోగా మొదటి పని చేయకపోతే మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

4. ఆ పేజీ ఉండాలి కానీ సెర్చ్‌లో రాకూడదనుకుంటే నోఇండెక్స్ పెట్టండి. రోబోట్స్ ఫైల్‌లో దానికి అడ్డు ఉంటే తొలగించండి. రోబోట్స్ ఫైల్‌లో చేసిన మార్పు గూగుల్‌కు తెలియడానికి ఒక రోజు వరకు పట్టొచ్చు.

5. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లోనూ ఇదే పని చేయండి. పాత పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా మీ ఫైలు ఉందేమో చూసి, ఉంటే తొలగించమని వారికి ఈమెయిల్ రాయండి.

6. జాబితాలో పేర్లున్న వారికి చెప్పండి. వాళ్ల నంబర్లు ఎన్నాళ్లు బయట ఉన్నాయో తెలిస్తే, మోసపు ఫోన్లు వచ్చినప్పుడు జాగ్రత్తపడతారు.

ఇంకో హెచ్చరిక. ఆధార్ నంబరు మీద నల్ల గీత పెట్టి పీడీఎఫ్ చేస్తే దాచేసినట్టేనని అనుకోవద్దు. చాలాసార్లు గీత కింద అంకెలు అలాగే ఉంటాయి. ఆ చోట సెలెక్ట్ చేసి కాపీ చేస్తే బయటికొస్తాయి. రోబో చదివేదీ వాటినే. ముందు అసలు ఫైల్లోనే అంకెలు చెరిపేసి, తర్వాత పీడీఎఫ్ చేయండి. ఆధార్ ప్రతి ఇవ్వక తప్పకపోతే, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి.

వేరేవాళ్ల సైట్‌లో మీ వివరాలు ఉంటే

ఇక్కడ సైట్ తాళం మీ చేతిలో లేదు. అయినా దారులున్నాయి.

ముందు ఆ పేజీ పూర్తి లింకు కాపీ చేసుకుని, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత ఎక్కడ అడిగినా ఇవే ఆధారాలు.

రెండో పని, సైట్ నడిపేవారికి రాయడం. ‘మా వివరాలు తీసేయండి’ అని ముక్తసరిగా కాకుండా, లింకు ఇచ్చి, ఏ పేజీలో ఏ వరుసలో ఏం ఉందో చెప్పండి. ఫైలు తీసేయాలనో, లాగిన్ వెనక్కి మార్చాలనో అడగండి. ప్రభుత్వ సైట్ అయితే ‘వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్’ పేరు, ఈమెయిల్ కోసం సంప్రదించాల్సిన వివరాల పేజీలో చూడండి. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల ప్రకారం అలాంటి అధికారి ఒకరు ఉండాలి. స్పందన లేకపోతే కేంద్ర శాఖల మీద సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు చేయొచ్చు. రాష్ట్ర శాఖలైతే తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్ ఉన్నాయి.

మూడోది గూగుల్. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఈమెయిల్, ఆధార్ వంటి గుర్తింపు నంబర్లు, బ్యాంకు ఖాతా, సంతకం ఫొటో లాంటివి ఫలితాల్లో కనిపిస్తుంటే తొలగించమని ఎవరైనా అడగొచ్చు. గూగుల్ సెర్చ్ సహాయ పేజీల్లో వ్యక్తిగత సమాచారం తొలగింపు ఫారం ఉంటుంది. ఫోన్ నంబర్లు, చిరునామాలకు కూడా ఈ వీలును 2022లో విస్తరించారు. అడిగిన ప్రతిదీ తీసేయరు. వార్తా కథనాలు, ప్రభుత్వ సైట్లలోని అధికారిక రికార్డుల విషయంలో ప్రజలకు దాని అవసరం ఎంతో బేరీజు వేస్తారు.

నాలుగోది చాలామందికి తెలియని వెసులుబాటు. సైట్‌వాళ్లు మీ వివరాలు తీసేశారు, కానీ గూగుల్ ఫలితం కింద పాత వాక్యం ఇంకా కనిపిస్తోందనుకోండి. ‘రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్’ అనే గూగుల్ పేజీలో ఆ లింకు ఇస్తే సరిచేస్తారు. దీనికి సైట్ మీది కానక్కర్లేదు.

మీ వివరాలు వాడి డబ్బు కాజేశారని తెలిస్తే మాత్రం ఇవన్నీ తర్వాత. వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చట్టం ఏమంటోంది?

ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించడం, ప్రదర్శించడం కుదరదని 2016 ఆధార్ చట్టంలోని సెక్షన్ 29 చెబుతోంది. నిబంధనల్లో పేర్కొన్న అవసరాలకే మినహాయింపు. సంస్థకో, శాఖకో రాసే లేఖలో ఈ సెక్షన్ ప్రస్తావించండి.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. తర్వాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లో తప్పులు దిద్దమని, డేటా చెరిపేయమని అడిగే హక్కు ఉంది. దీని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల మీద ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. మీ అంతట మీరే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి మాత్రం ఈ చట్టం వర్తించదు.

కేసులో నిర్దోషిగా బయటపడినా, పేరు వెతికితే పాత తీర్పే ముందు వస్తోందని కోర్టుకెక్కినవారూ ఉన్నారు. అలాంటి ఒక కేసులో ఢిల్లీ హైకోర్టు 2021 ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తీర్పును చెరిపేయమనలేదు. సెర్చ్ ఇంజిన్ల ద్వారా దొరకకుండా చూడమంది. కాగితం ఉండటం వేరు, పేరు కొట్టగానే ఎదురుకావడం వేరని కోర్టు కూడా గుర్తించిందన్నమాట.

కనిపించాల్సింది కనిపించకపోతే?

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. అసలు సైట్ సెర్చ్‌లో రాకపోతే ఆ ఖాళీలోకి దళారుల సైట్లు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు వస్తాయి. ధ్రువపత్రం కోసమో, గ్యాస్ కంపెనీ నంబరు కోసమో వెతికి మోసపోయేది ఇలాగే. కాబట్టి చూపించాల్సింది సరిగా చూపించడమూ ప్రజాసేవలో భాగమే.

మీ సైట్ గూగుల్‌లో రావడం లేదంటే ముందు ఇవి చూడండి.

సైట్ తయారవుతున్నప్పుడు బయటికి కనిపించకూడదని డెవలపర్ పెట్టిన నోఇండెక్స్, లేదా రోబోట్స్ ఫైల్‌లో సైట్ మొత్తానికీ వేసిన అడ్డు అలాగే ఉండిపోయిందేమో చూడండి. ఒక్క గీత గుర్తు సైట్ మొత్తాన్ని మూసేయగలదు. సెర్చ్ కన్సోల్‌లో ‘యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్’లో లింకు ఇస్తే, పేజీ ఎందుకు చేరలేదో కారణం చెబుతుంది. అక్కడే ఇండెక్స్ చేయమని అడగొచ్చు.

సైట్‌మ్యాప్ ఇచ్చారా? మీ పేజీల లింకులన్నీ ఉన్న జాబితా అది. ఒక్కో ఫైల్లో 50 వేల లింకుల వరకు పెట్టొచ్చు. ఇది ‘ఇవి మా ముఖ్యమైన పేజీలు’ అని చెప్పడమే తప్ప, అన్నీ చేరతాయన్న హామీ కాదు.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసి పీడీఎఫ్‌గా మార్చిన ప్రకటనలు మన కళ్లకు తెలుగులోనే కనిపిస్తాయి. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల వరస. మీరు ‘ఇంటి పన్ను’ అని తెలుగులో వెతికితే ఆ ఫైలు దొరకదు. పోస్టరు ఫొటోగా పెట్టిన నోటీసుల పరిస్థితీ అంతంతమాత్రమే. అదే విషయాన్ని యూనికోడ్ తెలుగులో, మామూలు వెబ్ పేజీగా పెడితే ఫోన్‌లో వెతికేవారికి దొరుకుతుంది. చూపులేని వారికి స్క్రీన్ రీడర్ కూడా చదివి వినిపిస్తుంది.

గూగుల్‌లో చేర్పించడానికి డబ్బు అడిగితే ఇవ్వొద్దు. ఇండెక్స్‌లో చేరడానికి గూగుల్, బింగ్ ఏ రుసుమూ తీసుకోవు. ప్రకటనలకు కట్టే డబ్బు వేరు, మామూలు ఫలితాలు వేరు.

మరికొన్ని సందేహాలు

*గూగుల్ డ్రైవ్ ఫైలు కూడా సెర్చ్‌లోకి వస్తుందా?*
‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని పెట్టిన ఫైలుకు తాళం లేనట్టే. ఆ లింకు ఏదైనా బహిరంగ పేజీలోకి చేరితే ఎవరైనా తెరవొచ్చు. కొందరే చూడాలంటే వారి ఈమెయిళ్లకు మాత్రమే అనుమతి ఇవ్వండి.

*ఏఐ సంస్థలు మా పేజీలు తీసుకోకుండా ఆపొచ్చా?*
వాటి రోబోలకు వేరే పేర్లున్నాయి. ఓపెన్‌ఏఐది జీపీటీబాట్. గూగుల్ అయితే ఏఐ శిక్షణకు వద్దని చెప్పడానికి ‘గూగుల్ ఎక్స్‌టెండెడ్’ అనే పేరు ఇచ్చింది. రెండూ 2023లో వచ్చాయి. రోబోట్స్ ఫైల్‌లో వీటిని కాదనొచ్చు. దానివల్ల గూగుల్ సెర్చ్‌లో మీ సైట్‌కు నష్టం ఉండదు. ఇది కూడా విన్నపమేనని మరిచిపోవద్దు.

*ఎంతకాలానికి ఒకసారి చూసుకోవాలి?*
కొత్త జాబితా పెట్టిన ప్రతిసారీ. అదీగాక రెండు మూడు నెలలకోసారి మీ పేరు, ఫోన్ నంబరు గూగుల్‌లోనూ బింగ్‌లోనూ కొట్టి చూడండి. ఆధార్ నంబరును మాత్రం సెర్చ్‌లో టైప్ చేయొద్దు.

మళ్లీ ఆ అపార్ట్‌మెంట్ దగ్గరికొస్తే, కార్యదర్శి చేయాల్సిన పని పెద్దదేం కాదు. రోబోట్స్ ఫైల్‌లోని అడ్డు తీసేసి, పీడీఎఫ్‌ను సైట్ నుంచి తొలగించి, సెర్చ్ కన్సోల్‌లో ఆ లింకు ఇవ్వాలి. బకాయిల వివరాలను లాగిన్ వెనక ఎవరిది వారికే కనిపించేలా పెట్టాలి. ఏదైనా ఫైలు అప్‌లోడ్ చేసే ముందు ‘దీన్ని మా వీధి చివర గోడకు అంటించగలనా?’ అని ఒక్కసారి అనుకోవాలి. అంటించలేను అనిపిస్తే దానికి బోర్డు చాలదు, తాళమే కావాలి.